రెండు జిల్లాలు, పన్నెండు తాలూకాలు, ఒక నోటుబుక్కు

మా డీబీఎంఎస్ ల్యాబ్ మినీ ప్రాజెక్టుకి గోవాని తీసుకోవడానికి కారణం పచ్చి బద్ధకం. "ఏదో ఒక రాష్ట్రం తీసుకోండి. జిల్లాలు, తాలూకాలు, పంచాయతీలు, ఆదాయం, అన్నీ టేబుల్స్‌లో పెట్టి క్వెరీలు రాయండి" అన్నారు మేడం. ఉత్తరప్రదేశ్ తీసుకున్న బ్యాచ్ డెబ్బై ఐదు జిల్లాలు టైప్ చేస్తూ ఏడుస్తుంటే, మేం నలుగురం రెండు జిల్లాలు, పన్నెండు తాలూకాలు కొట్టేసి క్యాంటీన్‌కి వెళ్ళిపోయాం. 2024 నవంబరు సంగతి ఇది. అప్పటికి రెండే జిల్లాలు.

ముందే చెప్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు, దీర్ఘాలు క్లబ్‌లో సీనియర్ అక్క దిద్దింది. మిగిలిన తప్పులు నావే.

చిన్న రాష్ట్రం కదా, ఈజీగా అయిపోతుంది అనుకున్నాం. విస్తీర్ణం 3,702 చదరపు కిలోమీటర్లు. అప్పట్లో మా ప్రకాశం జిల్లా ఒక్కటే దానికి మూడు రెట్లకు పైన ఉండేది. ఉత్తరం నుంచి దక్షిణానికి నూట ఐదు కిలోమీటర్లు, తూర్పు నుంచి పడమరకి అరవై ఐదు. మార్కాపురం నుంచి ఒంగోలు వెళ్ళేలోపు రాష్ట్రం దాటేస్తాం. కానీ డేటా ఎక్కించడం మొదలుపెట్టాక తెలిసింది, చిన్నది వేరు, సింపుల్ వేరు. మొదటి దెబ్బ పేర్ల దగ్గర తగిలింది. మార్గావ్, మడ్‌గావ్ అని రెండు ఊళ్ళు ఎంటర్ చేశాం. రెండూ ఒకటే. పంజిమ్, పణజి కూడా అంతే. పోర్చుగీసు వాళ్ళు ఒకలా రాశారు, కొంకణిలో ఒకలా పలుకుతారు, రైల్వే వాడు ఇంకోలా బోర్డు పెడతాడు. రెండో దెబ్బ ఫోండా తాలూకా. అది 2015 జనవరి దాకా ఉత్తర గోవాలో ఉంది, తర్వాత దక్షిణ గోవాకి మార్చారు. మా దగ్గరున్న ఒక ఫైల్లో అటు, ఇంకో ఫైల్లో ఇటు. అప్‌డేట్ అనామలీ అంటే ఏంటో క్లాసులో మూడుసార్లు చెప్పినా ఎక్కనిది ఫోండా వల్ల ఎక్కింది.

నాకు నచ్చింది మాత్రం తాలూకాల పేర్లలో దాగున్న లెక్కలు. తీస్వాడి అంటే ముప్పై వాడలట. సాల్సెట్ అసలు పేరు సాష్టి, అరవై ఆరు ఊళ్ళు అని చెప్తారు. బార్దేజ్‌లో పన్నెండు ఉంది. ఈ మూడూ, వాటి పక్కన మార్ముగావ్, ఇవి పోర్చుగీసు వాళ్ళ పాత గెలుపులు. వాళ్ళు 1510లో వచ్చారు. పెడ్నె, సత్తరి, బిచోలిం, ఫోండా, కేపెం, సాంగెం, కాణకోణ మాత్రం పద్దెనిమిదో శతాబ్దంలో గానీ వాళ్ళ చేతికి పోలేదు. మనం రీల్స్‌లో చూసే గోవా, అంటే చర్చిలు, పాత ఇళ్ళు, కలంగుట్ బీచ్, ఇదంతా చాలావరకు ఆ పాత నాలుగులోనే ఉంటుంది. ఇనప ఖనిజం ఉన్న కొండలన్నీ కొత్త వాటిలో. టూరిస్టు బస్సు ఒకవైపు తిరుగుతుంది, టిప్పరు ఇంకోవైపు.

ఆ టిప్పరు దగ్గరే నేను ఆగిపోయాను.

ఆదాయం టేబుల్‌లో ఖనిజం ఎగుమతికి ఒక కాలమ్ పెట్టాం. 2010-11లో నాలుగు కోట్ల టన్నులకు పైగా ఉంది. గ్రాఫ్ గీస్తే 2013-14 దగ్గర దాదాపు నేలకి పడిపోయింది. "డేటా మిస్ అయినట్టుంది, యావరేజ్ వేసి నింపేద్దాం" అన్నాడు మావాడు. నేనూ సరే అన్నా. కానీ మేడం వైవాలో అడుగుతారేమోనన్న భయంతో ఒకసారి చూశా. డేటా ఏమీ మిస్ అవలేదు. షా కమిషన్ రిపోర్టు వచ్చాక 2012 సెప్టెంబరులో గోవా ప్రభుత్వం రాష్ట్రంలోని గనులన్నీ ఆపేసింది. అక్టోబరు 5న సుప్రీంకోర్టు కూడా ఆపమంది. అంటే ఆ సున్నా నిజంగానే సున్నా.

అక్టోబరు 2012. నేను రెండో క్లాసు.

మా చిన్నాన్న గోవాలో టిప్పరు డ్రైవరు. మార్కాపురంలో పలకల పని తగ్గిపోయాక, నాన్న ఫ్యాక్టరీ మానేసి చిన్న షాపు పెట్టుకున్నాడు. చిన్నాన్న లోడు లారీల మీద తిరిగి తిరిగి ఎవరో చెప్తే గోవా గనుల్లోకి వెళ్ళాడు. ప్రతి నెలా డబ్బు పంపేవాడు. నా స్కూల్ ఫీజు, యూనిఫాం, బస్సు అన్నీ అందులోంచే అని నాయనమ్మ చెప్పేది. వానాకాలం నాలుగు నెలలు అక్కడ లోడింగ్ ఉండదు కాబట్టి జూన్‌లో ఇంటికొచ్చి వినాయకచవితి అయ్యాక వెళ్ళేవాడు. ఆ సంవత్సరం కూడా అలాగే వెళ్ళాడు. వెళ్ళినాక డబ్బు రాలేదు. గనులు మూసేశారన్నాడు. నాన్న నమ్మలేదు.

"రాష్ట్రం మొత్తం గనులు ఒక్కసారే మూసేస్తారంట! ఎవరికి చెప్తన్నాడు వాడు? బళ్ళారి గనులు ఆపితే రోజూ పేపర్లో వచ్చింది. గోవాయి ఏ పేపర్లో వచ్చినాయి? అక్కడ మందు చవక, తాగి తగలేసుంటాడు."

ఆ దసరాకి చిన్నాన్న ఫోన్ చేస్తే ఎత్తింది నేనే. పెద్దవాళ్ళు అనుకునే మాటలు పిల్లల నోట్లో ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా. "నువ్వు అబద్ధాలు చెప్తావంట గదా చిన్నాన్నా, తాగుతావంట గదా" అన్నాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "నాయనమ్మకి ఇయ్యి" అన్నాడు. ఆ తర్వాత ఆయన మా ఇంటికి ఫోన్ చేయలేదు, రాలేదు. ఆ ఏడాది నన్ను ఫీజు కట్టలేదని పరీక్ష రోజు క్లాసు బయట నిలబెట్టారు. అప్పుడు కూడా నేను చిన్నాన్ననే తిట్టుకున్నా.

పన్నెండేళ్ళ తర్వాత ల్యాబ్‌లో ఏసీ కింద కూర్చుని ఒక్క వరుస డేటా చూసి తెలుసుకున్నాను, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని. అక్కడే లేచి బయటికొచ్చేశా. మావాళ్ళు బాత్రూమ్‌కేమో అనుకున్నారు.

సెమ్ ఎగ్జామ్స్ అయ్యాక గోవా ట్రిప్ అని మావాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు. ప్రతి బ్యాచూ అంటుంది, సగం బ్యాచులు వెళ్ళవు. ఈసారి టికెట్లు తీసింది నేను. సంక్రాంతి అయిన వారానికి అమరావతి ఎక్స్‌ప్రెస్. వాళ్ళు ముగ్గురూ గుంటూరులో ఎక్కారు, నేను మార్కాపురం రోడ్‌లో అర్ధరాత్రి ఎక్కా. ఇంట్లో గోవా అనే చెప్పా. నాన్న ఏమీ అనలేదు, రెండు వేలు చేతిలో పెట్టాడు. చిన్నాన్న నంబరు ఇచ్చింది నాయనమ్మ. నాన్న షాపుకి వెళ్ళాక ఆమె వారం వారం ఆయనతో మాట్లాడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

తెల్లారి బళ్ళారి, తర్వాత హుబ్లీ. క్యాజిల్ రాక్ దాటాక రైలు పశ్చిమ కనుమల్లోంచి కిందికి దిగుతుంది. ఒకప్పుడు ఇటు బ్రిటిష్ వాళ్ళది, అటు కులెం నుంచి పోర్చుగీసు వాళ్ళది. ఏటవాలు ఎంత ఎక్కువంటే ఆ మార్గంలో రైళ్ళకి అదనపు ఇంజన్లు తగిలిస్తారు. సొరంగాలు, మధ్యలో దూద్‌సాగర్. జనవరి కాబట్టి పాలధార కాస్త సన్నగా ఉంది, అయినా బోగీ మొత్తం ఒకే వైపుకి ఒరిగిపోయింది. నాకు మాత్రం ఆ చెట్లని చూస్తుంటే కొంచెం కోపం వచ్చింది. మా పశ్చిమ ప్రకాశంలో బోరేస్తే ఫ్లోరైడ్ నీళ్ళు. వెలిగొండ ప్రాజెక్టు గురించి నేను పుట్టకముందు నుంచీ వింటున్నారు, నేనూ వింటూనే పెరిగా. ఇక్కడేమో కొండ మీద పడ్డ వాన అరవై కిలోమీటర్లు పోయి సముద్రంలో కలిసిపోతుంది.

బీచ్ గురించి రాయను. మీరందరూ వెళ్తారు, లేదా వెళ్ళామని చెప్తారు.

మూడో రోజు వాళ్ళని బార్దేజ్‌లో వదిలేసి ఒక్కడినే మడ్‌గావ్ వచ్చి కుడ్చడే బస్సెక్కా. కండక్టరు ఈల వేస్తూ, జనాన్ని లోపలికి నెట్టుతూ, అచ్చం మన ప్రైవేటు బస్సే. అరగంట దాటాక బీచ్ గోవా పూర్తిగా మాయమైంది. కొబ్బరి చెట్లు, వరి మళ్ళు, ఎర్ర మట్టి, గుడులు. గోవాలో జనాభాలో ఎక్కువమంది హిందువులే అని మా టేబుల్‌లో ఉన్నా, కళ్ళతో చూసేదాకా నా బుర్రలో సినిమా గోవానే ఉంది.

చిన్నాన్న స్టాండులో నిలబడి ఉన్నాడు. సన్నగా అయ్యాడు. నన్ను గుర్తుపట్టలేదు, నేనే దగ్గరికి వెళ్ళా.

"ఓరి, ఇంతోడివయినావా!" అని భుజం పట్టుకుని రెండుసార్లు ఊపాడు. అంతే. ఏడుపులు గట్రా ఏమీ లేవు. బండి మీద ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. రెండు గదుల అద్దె ఇల్లు. పిన్నిది ధార్వాడ వైపు ఊరు, కన్నడంలో మాట్లాడింది, నేను నవ్వా. చెల్లి ఐదో తరగతి. బడిలో కొంకణి, అమ్మతో కన్నడం, నాన్నతో తెలుగు. నాతో మాత్రం సిగ్గుతో ఏ భాషా లేదు.

ఇప్పుడు ఆయన చిన్న గూడ్స్ బండి తోలుతున్నాడు. బెళగావి నుంచి వచ్చే కూరగాయలు హోటళ్ళకి వేస్తాడు. సీజన్‌లో పర్వాలేదట. తలసరి ఆదాయంలో గోవా దేశంలోనే పైవరసలో ఉంటుందని మేం ప్రాజెక్టులో బోల్డ్ చేసి పెట్టాం. ఆ తలల్లో చిన్నాన్న తల కూడా లెక్కే మరి.

అన్నం తిన్నాక నదికి తీసుకెళ్ళాడు. జువారీ. కొండల్లో సాంగెం వైపు తవ్విన ఖనిజాన్ని టిప్పర్లలో ఇక్కడికి తెచ్చి పడవల్లోకి గుమ్మరిస్తే, అవి నదిలోనే కిందకి పోయి మార్ముగావ్ రేవులో ఓడలకెక్కించేవి. ఉత్తరం వైపు మాండవిలోనూ ఇదే పద్ధతి. రోడ్డు మీద ఎక్కువ దూరం మోయకుండా నదే సగం పని చేసేది. అందుకే ఇక్కడి నాసిరకం ఖనిజానికి కూడా గిట్టుబాటు అయ్యేది. పోర్చుగీసు కాలంలోనే మొదలైంది, జపాన్ కొనేది. తర్వాత చైనా వచ్చింది. చైనా ఎంత వచ్చినా కొంటుంటే చిన్నాన్న లాంటివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు.

"ట్రిప్పుకింత అని లెక్క. నెల జీతం కాదు. అందుకని ఎవడూ బ్రేకు తొక్కేవాడు కాదు. రోడ్డు పొడుగునా లైను, ఒకదాని ఎనక ఒకటి. సాయంత్రానికి మొఖం, చెట్లు, ఇళ్ళు అన్నీ ఒకటే రంగు."

"ఊళ్ళోవాళ్ళు ఏమీ అనేవాళ్ళు కాదా?"

"అనకుండా ఉంటారా? పొలాల్లోకి మట్టి పోయేది, బావుల్లో నీళ్ళు కిందకి పోయినాయి. వాళ్ళది అబద్ధం కాదు. గనులు ఆపాలని కోర్టుకి పోయినోళ్ళదీ తప్పు కాదు." కాసేపాగి, "మాదీ తప్పు కాదు" అన్నాడు.

నేను ప్రాజెక్టులో చదివింది చెప్పా. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఆ లీజుల గడువు 2007 నవంబరు 22తోనే అయిపోయింది, ఆ తర్వాత తవ్విందంతా చట్టవిరుద్ధం, ఇకమీద ఏడాదికి రెండు కోట్ల టన్నులు మించకూడదు అని. మళ్ళీ ఇచ్చిన 88 లీజుల రెన్యువల్‌ని 2018 ఫిబ్రవరి 7న కొట్టేసింది. ఆ మధ్య కాలంలో చిన్నాన్న మళ్ళీ టిప్పరెక్కాడు, 2018లో మళ్ళీ దిగాడు. ఇప్పుడు వేలం వేసి బిచోలిం వైపు కొన్ని మొదలయ్యాయి. ఆయన వెళ్ళనన్నాడు. "రెండుసార్లు చాలు."

"2007 నుంచీ దొంగ మాలేనా నేను మోసింది?" అని అడిగాడు. నిజంగానే తెలియక అడిగాడు. నేను అవునన్నా. నది వైపు చూసి నవ్వాడు.

పనులు ఆగినప్పుడు బండి ఓనర్లకి ఏవో పథకాలు వచ్చాయట, తోలేవాడి పేరు ఏ కాగితంలోనూ లేదట. ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళలేదా అంటే వెళ్ళాం అన్నాడు. ఇక్కడ అది పెద్ద విషయం కాదు. 2011 లెక్కల ప్రకారం 14.58 లక్షల జనానికి నలభై మంది ఎమ్మెల్యేలు, సగటున ముప్పై ఆరు వేల మందికి ఒకరు. మన దగ్గర రెండు మండలాలు కూడా రావు. చేపల మార్కెట్లో ఎదురైతే ఆపి మాట్లాడతారట. "మాట్లాడతాడు, బాగానే మాట్లాడతాడు. కానీ మనం భాయ్‌లే గదా" అన్నాడు. అంటే బయటివాళ్ళు. మొదట్లో నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే వాళ్ళ భయమూ అర్థమైంది. 1961 డిసెంబరు 19న పోర్చుగీసు పాలన పోయింది. ఆరేళ్ళు తిరక్కుండానే, 1967 జనవరి 16న, మహారాష్ట్రలో కలుస్తారా విడిగా ఉంటారా అని ఓటు పెట్టారు. విడిగా ఉంటామన్నారు. 1987 మే 30న గానీ రాష్ట్రం అవలేదు. ఇంత చిన్న చోటు పెద్ద రాష్ట్రంలో కరిగిపోకుండా నిలబెట్టుకున్నవాళ్ళకి, ప్రతి రైల్లో దిగేవాడూ కొంచెం అనుమానంగానే కనిపిస్తాడేమో. వాళ్ళ పక్కన నిలబడితే అలా. చిన్నాన్న పక్కన నిలబడితే ఇంకోలా.

మేం మాట్లాడుతుండగానే నది వెనక్కి రావడం మొదలైంది. నాకు భ్రమ అనుకున్నా. కాదు, ఆటుపోటు. సముద్రం నదిలోకి ఇంత లోపలికి వస్తుంది. ఇంకా కిందకి పోతే ఈ ఉప్పునీటిని ఆపడానికి కట్టలు కట్టి, వాటికి చెక్క తలుపులు పెట్టి వరి పండిస్తారు. ఖజాన్ పొలాలంటారు. పోటు వచ్చినప్పుడు నీటి తోపుడుకి తలుపు తనంతట తనే మూసుకుంటుంది, ఆటులో తెరుచుకుని లోపలి నీళ్ళు బయటికి వదులుతుంది. కరెంటు లేదు, మోటారు లేదు, ఇఫ్-ఎల్స్ మాత్రం ఉంది. పోర్చుగీసు వాళ్ళు రాకముందు నుంచే ఊరి గావ్‌కారీలు ఆ కట్టలు చూసుకునేవారట. నాకు వెళ్ళి చూడాలనిపించింది గానీ టైము లేదు.

అసలు మాట బయటికి తీయడానికి నాకు చీకటి పడేదాకా పట్టింది. "చిన్నాన్నా, నేను చిన్నప్పుడు ఫోన్లో ఒక మాటన్నా..."

"ఏందది? నాకేం గుర్తులేదు."

మరీ తొందరగా అన్నాడు. నేను పొడిగించలేదు.

ఇంటికొచ్చాక బీరువా పైనుంచి ఒక పాత నోటుబుక్కు తీశాడు, చెల్లి బొమ్మలేసుకున్న పేజీలు తిప్పేసి లోపల చూపించాడు. నెల, మొత్తం, దేనికి. నీలం పెన్నుతో, ముద్ద ముద్ద అక్షరాలు. "జూన్ 2010, 5,000, అబ్బోడి ఫీజు." "నవంబరు 2010, 4,000, ఇంటికి." వానాకాలంలో ఉన్నప్పుడు చేతికిచ్చినవి కూడా రాసుకున్నాడు. ఆఖరుది మే 2012. దాని కింద గీత గీసి ఏమీ రాయలేదు, పేజీ సగం ఖాళీగా ఉంది. ఎందుకు చూపించాడో చెప్పలేదు. నేను ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటానంటే తీసుకోమన్నాడు.

మార్కాపురం వచ్చాక రెండు రోజులు ఆగి షాపులో నాన్నకి ఆ ఫోటోలు చూపించా. సుప్రీంకోర్టు తేదీ కూడా చెప్పా, అక్టోబరు 5 అని. ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. ఫోటో పెద్దది చేయడం ఎలాగో అడిగి, వేలితో ఒక్కో వరసా జరుపుకుంటూ చాలాసేపు చూశాడు. ఎవరో కస్టమర్ వచ్చి మేకులు అడిగితే లేవన్నాడు, ఎదురుగా డబ్బా నిండా ఉన్నాయి.

"2009 డిసెంబరుది ఐదు వేలు కాదురా. ఎనిమిది" అన్నాడు చివరికి. "మీ అమ్మ ఆపరేషనప్పుడు ఇంకో మూడు వేలు విడిగా పంపినాడు. రాసుకోవడం మరిచిపోయినట్టుండాడు."

ఫోన్ నా చేతికిచ్చి, షట్టరు దించడానికి కర్ర వెతుక్కుంటూ బయటికెళ్ళాడు.